వీపు వెనక పెట్టె

మేడమీది గది నుంచి

అక్కా,

నీ ఉత్తరంలో "ఎలా ఉన్నావు" అని నాలుగుసార్లు అడిగావు. నాలుగింటికీ ఒకటే జవాబు, బాగానే ఉన్నాను. కుట్లు మానిపోయాయి. మెడ కింద పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి తీసుకోవడం అలవాటైంది. దాని మీద పలచటి గుడ్డ కట్టుకుంటాను. దగ్గొస్తే మాత్రం ఇప్పటికీ చెయ్యి నోటికే పోతుంది, దగ్గేమో మెడలోంచి వస్తుంది. ఎదుటివాళ్ళు తల పక్కకి తిప్పుకుంటారు. ముక్కులోంచి గాలి ఆడదు కాబట్టి వాసనలు తెలియవని డాక్టరు ముందే చెప్పాడు. అప్పుడు అదో లెక్కా అనుకున్నాను. మొన్న పాలు మాడి గిన్నె నల్లబడింది, పక్కనే నిలబడి ఉన్నాను, తెలియలేదు.

ఫోను ఎందుకు ఎత్తవని కింద ఇంటావిడ అడుగుతుంది. ఎత్తి ఏం చేయను? అవతలివాళ్ళు హలో హలో అని అరిచి అరిచి పెట్టేస్తారు. ఆపేసి బీరువాలో పడేశాను. మీ కొండ మీద ఎలాగూ సిగ్నలు లేదు. మనకి ఉత్తరాలే దిక్కు. రాస్తుంటే నాకు కాస్త మాట్లాడినట్టే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన పాత రేడియోల దుకాణానికి దూరదేశం నుంచి ఒక పెద్ద రీలు టేపు రికార్డరు వచ్చింది. నీకంటే వయసులో పెద్దదట. అమ్మడానికని తెచ్చినది కాదు, నాకోసం. నేను రేడియోలో పిల్లలకి కథలు చెప్పిన రోజుల టేపులు ఆ రేడియో ఇంజనీరు పారేయకుండా నాకిచ్చాడు కదా, అట్టపెట్టెలో ఇన్నాళ్ళూ పడున్నాయి. వాటిని వినిపించాలని ఆయన పట్టుదల. నాకు చెప్పకుండా మేడమీదికి మోయించి, బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పెట్టి, మన కరెంటుకి తగిలించి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మీట నొక్కారు.

అక్కా, అందులోంచి ఎవరో ముసలాయన మాట్లాడాడు. బావిలోంచి మాట్లాడినట్టు, నిదానంగా, బరువుగా. కానీ మాటలు నావి. "పిల్లలూ, అందరూ దగ్గరికొచ్చి కూర్చున్నారా" అంటున్నాడు. నా గొంతులో పెరిగినది, డాక్టరు కోసి గాజుసీసాలో వేసి తీసుకుపోయినది, అదే మాట్లాడుతోందనిపించింది. లేచి వంటింట్లోకి పారిపోయాను.

ఆయన వెనకాలే వచ్చారు. "అది నీ గొంతే. మిషను నెమ్మదిగా తిరుగుతోంది, అంతే. అది పుట్టిన దేశంలో కరెంటు సెకనుకి అరవైసార్లు కొట్టుకుంటుంది, మన దగ్గర యాభై. వోల్టులు తగ్గించగలిగాను గానీ ఆ కొట్టుకోవడాన్ని మార్చలేకపోయాను. మోటరు దాన్ని బట్టే తిరుగుతుంది" అన్నారు. అరవైసార్లు కొట్టుకునే కరెంటుని ఇచ్చే పెట్టెలున్నాయట, బ్యాటరీ ఇన్వర్టర్లు, చేత్తో పట్టుకు తిరిగేవి. తెస్తానంటున్నారు.

వద్దని పలక మీద రాశాను. ఆయన చూడనట్టు చూశారు.

నీ చెల్లి


క్వారీ దవాఖానా నుంచి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం చదివి రెండు కట్లు వంకరగా కట్టాను. రాళ్ళు కొట్టేవాళ్ళు మంచివాళ్ళు, ఏమీ అనలేదు.

మరిదికి చెప్పు, పెళ్ళాన్ని సంతోషపెట్టాలంటే ముందు చెప్పి పెట్టాలని. చెప్పకుండా గుండె ఆగేలా చేసేదాన్ని సంతోషం అనరు. అయినా ఆ పెట్టెలాయన చేసే పనులన్నీ ఇంతే. పెళ్ళైన కొత్తలో గ్రామఫోను బాగుచేస్తానని మన ఇంటి ఫ్యూజులన్నీ ఎగరగొట్టింది మరిచిపోయావా?

నవ్వులకేం గానీ, నువ్వు పాలగిన్నె సంగతి ఒక్క ముక్కలో తేల్చేశావు. వాసన తెలియని మనిషి ఒంటరిగా పొయ్యి దగ్గర ఉండకూడదు. ఇంటావిడని అప్పుడప్పుడు పైకొచ్చి చూసి పొమ్మను.

ఇన్వర్టరు పెట్టెలు నాకు కొత్త కాదు. ఇక్కడ టీకా మందుల ఫ్రిజ్‌కి అలాంటిదే వాడుతున్నాం. మంచి వస్తువే, కాదనను. కానీ దాన్ని నేను లోపల ఉంచను. బయట రేకుల కింద, మనుషులు పడుకునే చోటికి దూరంగా పెట్టించాను. మరిదిని కూడా అలాగే చేయమను. ఎందుకని అడక్కు, అక్క చెప్పింది కాబట్టి.

మళ్ళీ పరీక్ష ఎప్పుడన్నారు? దాని గురించి నువ్వు ఒక్క అక్షరం రాయలేదు. గమనించలేదనుకోకు.

అక్క


మేడమీది గది నుంచి

అక్కా,

విన్నాను. నా గొంతు విన్నాను.

మొదట తెచ్చిన పెట్టె పనికిరాలేదు. మీట నొక్కగానే హెడ్‌ఫోన్లలో కందిరీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద. మోటరు చెయ్యి పెడితే కాలింది. "కరెంటు నున్నగా రావాలి, ఇది మెట్లుమెట్లుగా వస్తోంది" అని ఆయన వెంటనే పీకేశారు. తర్వాత ఆ మిషను పుట్టిన వైపు నుంచే ఒక పాత పెట్టె తెప్పించారు. చిన్న సూట్‌కేసంత ఉంటుంది, పైన పిడి, ముందర వెలిగే అంకెలు. దానికి తగిలించి మీట నొక్కారు. రొద లేదు, గరగర లేదు. నిశ్శబ్దం. అందులోంచి నేను.

ఎంత తేలిగ్గా మాట్లాడేదాన్నో! మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది, ముక్కుతో తీసుకున్న ఊపిరి. దానికే ఏడుపొచ్చింది. టేపులోని ఆ పిల్లకి ఏమీ తెలియదు కదా, ఏం జరగబోతోందో. హెచ్చరించాలనిపించింది.

ఇప్పుడు రోజూ ఇదే పని. ఆయన దుకాణానికి వెళ్ళగానే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాను. తలుపు వేసేస్తాను. మా గది కింద సరిగ్గా ఇంటావిడ కూతురి గది, ఉయ్యాల్లో చంటిది. ఈ మిషను మీటలు టకటకమంటే లేచి ఏడుస్తుంది. కిటికీ ఎదురుగా మిషను, నా కుర్చీ. వీపు వెనక గోడవారగా పెట్టె. బయట పెట్టమన్నావని చెప్పాను. తీగ అంత పొడుగు లేదన్నారు.

పెట్టె పాతది కదా, ఒక రీలు సగం తిరిగేసరికి ఛార్జి అంకెలు సున్నాకి వచ్చేసేవి. అందుకని ఆయన స్నేహితుడొకడు పాత కరెంటు స్కూటర్ల బ్యాటరీలు విప్పి, లోపలి ముక్కలన్నీ ఒక కట్టగా కలిపి, నీలం ప్లాస్టిక్కు చుట్టి ఇచ్చాడు. దాన్ని పెట్టె వెనక తగిలించారు. ఇప్పుడు సాయంత్రం దాకా ఆగదు. కాస్త వెచ్చబడుతుంది, పిల్లి ఒళ్ళో పడుకున్నంత వెచ్చన.

ఒకటి మాత్రం బాధ. ఆయన నాతో కూర్చుని వినరు. రీలు ఎక్కిస్తారు, మీట నొక్కుతారు, పని గుర్తొచ్చిందని వెళ్ళిపోతారు. నా ఆ గొంతంటే ఆయనకెంత ఇష్టమో నీకు తెలుసు. బహుశా అదీ ఇదీ పక్కపక్కన పెట్టి చూడలేకపోతున్నారేమో.

నిన్న సాయంత్రం ఆయన లోపలికి రాగానే ముక్కు ఎగబీల్చి, "గోళ్ళరంగు వేసుకున్నావా? తియ్యగా ఏదో వాసనొస్తోంది" అన్నారు. నా గోళ్ళు చూపించాను. బోడిగా ఉన్నాయి. ఇద్దరం నవ్వుకున్నాం. చాన్నాళ్ళకి.

నీ చెల్లి


క్వారీ దవాఖానా నుంచి

చిట్టీ,

ఈ ఉత్తరం చదువుతూ కూర్చోకు. ముందు లే. ఆ నీలం కట్టని పెట్టెలోంచి పీకించు. నువ్వు ముట్టుకోకు, మరిదితో పీకించు. ఇంట్లోంచి బయటికి, మేడమీంచి కిందికి, గోడలకీ మనుషులకీ దూరంగా ఆరుబయట మట్టిలో పెట్టించు. మళ్ళీ ఛార్జింగు పెట్టొద్దు. వెచ్చగా ఉంటే అసలు దగ్గరికే పోవద్దు. ఇది అయ్యాకే కిందది చదువు.

ఎందుకని అడక్కు అన్నాను. భయపెట్టడం ఎందుకని దాచాను. ఇప్పుడు చెప్తున్నాను. ఇక్కడ కాపలావాళ్ళ గుడిసెలో రాత్రి దీపాలకని అలాంటి కట్టే ఒకటి ఉండేది, పాత ముక్కలు కలిపి కట్టిందే. ఇద్దరు అన్నదమ్ములు అందులో ఉండేవారు. ఒక రోజు పెద్దవాడు దవాఖానాకి వచ్చి, "సిస్టరూ, గుడిసెలో తియ్యటి మందు వాసన వస్తోంది, తలనొప్పిగా ఉంది, మాత్ర ఇవ్వండి" అన్నాడు. గోళ్ళరంగు తుడిచే మందులా ఉందన్నాడు. నాకూ తెలియదు, ఎవరికీ తెలియదు. మాత్ర ఇచ్చాను. మర్నాడు మధ్యాహ్నం చిన్నవాడు అందులో నిద్రపోతున్నాడు. పొగ రావడం, మంట రావడం, తలుపు దాకా రాలేకపోవడం, అంతా ఒక చుట్ట కాల్చినంతసేపట్లో అయిపోయింది. వాణ్ణి నా చేతుల మీదే కిందికి పంపించాను. బతకలేదు. ఆ కట్టలు పాడైపోయేముందు లోపలి మందు ఆవిరై అలా తియ్యగా వాసనొస్తుందని తర్వాత వచ్చిన అగ్నిమాపకం వాళ్ళు చెప్పారు.

ఇప్పుడు నీ సంగతి ఆలోచించు. వాసన తెలియదు. చెవులకి హెడ్‌ఫోన్లు. తలుపు మూసి. దానికి వీపు పెట్టి. ఏదైనా అయితే అరవడానికి...

రాయలేను తల్లీ. పోస్టు వ్యాను కిందికి దిగబోతోంది, డ్రైవరు హారను కొడుతున్నాడు. ఫోను బీరువాలోంచి తీసి పక్కన పెట్టుకో. ఎవరు చేసినా ఎత్తు. మాట్లాడకపోయినా ఫరవాలేదు, ఎత్తావని తెలిస్తే చాలు.

అక్క


మేడమీది గది నుంచి

అక్కా,

ఈ వారం నీ ఉత్తరం రాలేదు. వ్యాను ఆలస్యమైందేమో. నేనే రాస్తున్నాను.

పరీక్ష గురించి అడిగావు. వచ్చే నెల. రాయకపోవడానికి కారణం ఏమీ లేదు, రాస్తే దగ్గరికొచ్చేస్తుందనిపించి. మొన్నటి నుంచి మెడలో ఎడమవైపు ఏదో తగులుతున్నట్టుంది. ఉందో, వేలే భయంతో పుట్టిస్తోందో తెలియదు. ఆయనకి చెప్పలేదు. పొద్దున్న అద్దం ముందు తడుముకుంటాను, తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను. టేపులోని ఆ పిల్ల మాట్లాడుతున్నంతసేపూ వేలు అటు వెళ్ళదు. అందుకే రోజంతా వింటున్నాను. పిచ్చిదాన్నైపోయానని అనుకోకు.

ఆ నీలం కట్టకి కాస్త పొట్ట వచ్చింది. మొదట్లో ఇటుకలా నలుచదరంగా ఉండేది, ఇప్పుడు దిండులా ఉంది. చూడ్డానికి బాగాలేదని దాని మీద దుప్పటి కప్పాను. ఆయన దాన్ని చూసి కాసేపు అలాగే నిలబడ్డారు. ఏమైందని సైగ చేశాను. "ఏం లేదు, తిరిగొచ్చాక చూస్తాను" అన్నారు. ఓడలో ఏవో పాత యాంప్లిఫయర్లు వచ్చాయట, రేపు రేవుకి వెళ్తున్నారు, రెండు రోజులు రారు. వెళ్ళేముందు పెట్టెనీ కట్టనీ నిండా ఛార్జి చేసి పెడతానన్నారు, నాకు విసుగు లేకుండా.

ఇంటావిడ వచ్చి చూసి పోతోంది, కంగారుపడకు. మొన్న పైకొచ్చి, "ఏమ్మా, పండ్లేమైనా మగ్గబెడుతున్నావా?" అంది. లేదని తలూపాను. పాపం ఆవిడకి ముక్కు మరీ ఎక్కువ.

నీ చెల్లి


క్వారీ దవాఖానా నుంచి

చిట్టీ,

ఈ ఉత్తరం ఎలా పంపాలో తెలియకుండా రాస్తున్నాను.

నీ ఉత్తరం తెచ్చిన వ్యానే ఆఖరిది. అది పైకి వచ్చిన కాసేపటికే మలుపు దగ్గర కొండచరియ విరిగిపడింది. వ్యాను కూడా ఇక్కడే చిక్కుకుంది. రాళ్ళు కొట్టేవాళ్ళందరూ రాళ్ళు తీస్తున్నారు. ఎప్పటికి అవుతుందో ఎవరూ చెప్పడం లేదు.

పొట్ట వచ్చిందన్నావు. దుప్పటి కప్పానన్నావు. నువ్వేమో తీరిగ్గా పండ్లు, దిండు అని రాశావు. కట్ట తీసెయ్యమన్న నా ఉత్తరం నీకు చేరిందా లేదా? అది చేరితే ఇది రాసేదానివి కాదు. అంటే చేరలేదు. అంటే మరిది ఈపాటికి వెళ్ళిపోయాడు. నువ్వు తలుపేసుకుని కూర్చున్నావు.

మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. ఆఫీసులో వైర్‌లెస్‌ ఉంది, కింది ఆఫీసుతో మాట్లాడేది. "బ్యాటరీకి పొట్టొచ్చిందని ఫోను చేయించమంటారా సిస్టరు గారూ?" అని నవ్వాడు. గుడిసెలో పోయినవాడి పేరు చెప్పాను. నవ్వు ఆపేశాడు. కింది వాళ్ళతో మరిదికి ఫోను చేయించాడు. మోగి మోగి ఆగిపోయిందట. నీది ఆపేసి ఉందట. మీ వీధిలో ఎవరైనా వెళ్ళి చూడమని అడిగాను. ఎవరినైనా పంపుతామన్నారు. "పంపుతాం" అన్న మాటకి అర్థం నాకు తెలుసు, నేనూ పేషంట్లతో అంటూ ఉంటాను.

నీ మెడలో తగిలేదాని గురించి తర్వాత మాట్లాడుకుందాం. మాట్లాడుకోవడానికి నువ్వుండాలి. దేవుడా, ఏం రాస్తున్నానో.

వినపడుతోందా? వెనక్కి తిరుగు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు.

అక్క


పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు నుంచి

అక్కా,

ఉన్నాను. ముందు ఆ మాట.

అక్షరాలు సరిగ్గా రాకపోతే ఏమీ అనుకోకు. ఛాతీలోకి పొగ పోయింది, ఆక్సిజన్ గొట్టం మెడ దగ్గర పెట్టారు. ఎడమచెయ్యి కాస్త కాలింది. మిగతా అంతా ఉన్నాను.

మధ్యాహ్నం వింటూ కూర్చున్నాను. కథలో ముసలమ్మ తలుపు తీసే చోటు వచ్చింది. "తలుపు తీసి చూస్తే" అన్నాను, అంటే టేపులో అన్నాను, అక్కడే ఆగిపోయింది. రీలు కదలడం లేదు. ఛార్జింగు అయిపోయిందేమో అనుకున్నాను. నిండుగా ఉండాలే అనుకుంటూ హెడ్‌ఫోన్లు తీశాను. అప్పుడు వినిపించింది, పెట్టె కీచుకీచుమని అరుస్తోంది. ఎప్పటి నుంచి అరుస్తోందో. వెనక్కి తిరిగాను.

దుప్పటి కింద నుంచి తెల్లటి పొగ, పొంగిన పాలలాగ నేలమీదంతా పాకుతోంది. నా పాదాల దాకా వచ్చేసింది. లోపల టప్పు టప్పుమని పేలుతున్నాయి. చూస్తుండగానే దుప్పటి చిరిగి, నిప్పు చిమ్మనగ్రోవిలోంచి వచ్చినట్టు గోడకి కొట్టింది. నోట మాట రాలేదని రాయబోయాను. చూడు, నాకు నవ్వొస్తోంది, ఇప్పుడు కూడా.

మెడ మీది గుడ్డని అరచేత్తో నొక్కిపెట్టాను. నొక్కితే ఊపిరాడదు, తీస్తే పొగ నేరుగా లోపలికి. టేపుల అట్టపెట్టె అక్కడే ఉంది, అందుకోవడానికి ఒక అడుగు వేసిన మాట నిజం. చెయ్యి కాలింది అప్పుడే. వదిలేసి మెట్లు దిగాను.

ఇంటావిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆవిడ చెయ్యి పట్టుకుని లాగి పైకి చూపించాను. నోరు తెరిచాను. నోరు కదులుతోంది, ఏమీ లేదు. "ఏంటమ్మా, పైన నీళ్ళు రావట్లేదా? ఉండు, మోటరు వేస్తాను" అంది. కిటికీ వీధివైపు కదా, పెరట్లోకి పొగ కనపడదు. నేను మళ్ళీ లాగాను. "ఉండమ్మా, బట్టలు కింద పడతాయి" అంది విసుగ్గా. పలక పైన ఉండిపోయింది. నా గది కింద చెక్క కప్పు, దాని కింద ఉయ్యాల. ఆ పిల్ల తల్లి స్నానాల గదిలో ఉంది, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

ఏం చేశానో నాకే తెలియదు అక్కా. లోపలికి పరిగెత్తి, ఉయ్యాల్లోంచి పిల్లని ఎత్తుకుని, వీధిలోకి పరిగెత్తాను.

అప్పుడు కదిలింది ఇంటావిడ. "అయ్యో! పిల్లనెత్తుకుపోతోంది! పట్టుకోండి!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది. ఆ అరుపు నాకెంత ఊరటనిచ్చిందో చెప్పలేను. నేను అరవాల్సిన అరుపు ఎవరో అరుస్తున్నారు. వెనకాలే కూతురు, తడి జుట్టుతో, చెప్పుల్లేకుండా. ఇద్దరూ ఇంట్లోంచి బయటికి వచ్చేశారు. నాకు కావలసింది అదే. కానీ ఆగలేకపోయాను, ఆగితే మళ్ళీ లోపలికి తీసుకుపోతారని. సైకిళ్ళు బాగుచేసే అతను అడ్డం వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. కూతురు వచ్చి పిల్లని లాక్కుని నా చెంప మీద కొట్టింది. రెండోసారి కొట్టబోతే మెడ మీది గుడ్డ ఊడిపోయింది. రంధ్రం చూసి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఎవరో, "ఏమైంది దీనికి, దెయ్యం పట్టిందా" అన్నారు. నేను ఇంటివైపు చెయ్యి చాపి అలాగే నిలబడ్డాను.

కిటికీ అద్దాలు అప్పుడు పగిలాయి.

ఫైరింజను వచ్చేసరికి కప్పు సగం కింది గదిలోకి దిగిపోయింది. ఉయ్యాల మీద పడిందట. ఇంటావిడ నిన్న వచ్చి ఆ మాట చెప్పి, నా మంచం పక్కన కూర్చుంది. కూతురు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పిల్లని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. తప్పు లేదు. నన్ను చూస్తే ఇంకా ఆ పరుగే గుర్తొస్తుంది కదా.

కట్ట తీసెయ్యమన్న నీ ఉత్తరం గేటు దగ్గరి డబ్బాలో దొరికింది. ఆ పొద్దున్నే వచ్చిందట. ఇంటావిడ తడి ఆరబెట్టి తెచ్చింది. చదివాను. దాని తర్వాతది నిన్న అందింది.

మిషను, టేపులు అన్నీ పోయాయి.

నీ చెల్లి


క్వారీ దవాఖానా నుంచి

చిట్టీ,

రోడ్డు తెరిచారు. నాకు బదులు ఇంకో సిస్టరు రాగానే బయలుదేరతాను. నీ ఉత్తరం చదివి ఇక్కడి మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నేను మందులు లెక్కపెడుతున్నానని కాంపౌండరు అందరికీ చెప్పి నా పరువు కాపాడాడు.

ఒక్కటే అడుగుతాను. నిజం రాయి. మరిది ఆ కట్టని చూసి కాసేపు నిలబడ్డాడని రాశావు. వాడికి తెలుసా? తెలిసి కూడా నిండా ఛార్జి చేసి నీ వెనక పెట్టి వెళ్ళాడా?

మా ఇంటికి తీసుకొచ్చేస్తాను నిన్ను. వాడి మొహం చూడక్కర్లేదు. చెప్పు.

అక్క


పెద్దాసుపత్రి నుంచి

అక్కా,

ఆయన వచ్చిన రోజు నుంచి మంచం పక్కన కదలకుండా కూర్చున్నారు. ఇల్లు కాలినందుకు కాదు, నాకు తెలుస్తోంది. నీ ఉత్తరం చూపించాను. నువ్వు రాసినదంతా, "వాడి మొహం" అన్నదాకా చదివి మడిచి నాకే ఇచ్చారు.

"వదిన అడిగినదానికి జవాబు అవుననే రాయి" అన్నారు. "పొట్టొచ్చిందంటే పారేయాలని నాకు తెలుసు. కట్టి ఇచ్చినవాడు కూడా ఫోనులో అదే చెప్పాడు. రెండు రోజులే కదా అనుకున్నాను."

నర్సు ఇచ్చిన పలక మీద, "ఎందుకు?" అని రాశాను.

నీకు తెలియదేమో, నేను ఏది రాసినా ఆయన దాన్ని పైకి చదువుతారు. ఆపరేషను అయిన రోజు నుంచీ అలవాటు. నేను "నీళ్ళు" అని రాస్తే, "నీళ్ళు" అని చదివి తెస్తారు. "ఎందుకు" అని చదివారు. చదివి తనని తానే అడుగుతున్నట్టు అయిపోయారు.

"అది తీసేస్తే నువ్వు మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటావు. ఆపరేషను తర్వాత ఎలా పడుకున్నావో గుర్తుందా? ఆ వీపు చూస్తూ అన్నం తినేవాణ్ణి. టేపులు వచ్చాక సాయంత్రం తలుపు తీస్తే నీ మొహం కనపడేది. దాన్ని పీకేయడానికి నాకు చేతులు రాలేదు" అన్నారు.

"మరి మీరెందుకు వినరు?" అని రాశాను. "మరి మీరెందుకు వినరు" అని చదివారు.

మడిచిన నీ ఉత్తరం వైపు చూస్తూ అన్నారు. "ఒకసారి తలుపు సందులోంచి చూశాను. ఖాళీ గదిలో నేను ఒక్కణ్ణే కూర్చుని వింటున్నట్టు అనిపించింది. నువ్వు పోయాక. దుకాణంలో ఉన్నంతసేపూ అదే. ఫోను మోగితే గుండె గుభేలుమంటుంది. రేవులో కూడా తెలియని నంబరు నుంచి మోగింది, నీ గురించే ఏదో చెడు కబురనుకుని ఎత్తలేదు."

అది నీ ఫోనే అక్కా. నువ్వు చేయించిన ఫోను.

నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే పలక ఆయన మీదికి విసిరేయాలనిపించింది. ఆ పిల్ల ఉయ్యాల్లో ఉంటే? ఆయన తెచ్చిన ఆ వెచ్చటి కట్ట మీద దుప్పటి కప్పింది నేను కాదా అని కూడా అనిపించింది. కానీ నాకు తెలియదు, ఆయనకి తెలుసు. ఆ తేడా తేడాయే, దాన్ని నేను మాఫీ చేయలేదు. చేస్తానో లేదో కూడా తెలియదు. నీతో రావాలో వద్దో అంతకంటే తెలియదు. నువ్వు రా, అప్పుడు ఆలోచిద్దాం.

అయితే నిన్న ఇంకోటి జరిగింది. డాక్టరు వచ్చి పొగ తగ్గిందని చెప్పి, పనిలో పనిగా మెడ తడిమి చూశాడు. ఎడమవైపు వేలు ఆగింది. "ఇది ఎప్పటి నుంచి?" అన్నాడు. ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశారు. పరీక్షకి వచ్చే నెల దాకా ఆగక్కర్లేదట, రేపే చేస్తారట. ఏమీ కాకపోవచ్చు, కుట్టు గట్టిపడి ఉండొచ్చు, ముందే భయపడొద్దు అని చెప్పి వెళ్ళిపోయాడు.

అందరూ చెప్పే మాటే. నువ్వూ చెప్పావు, ఆయనా చెప్పారు, ఇంటావిడా చెప్పింది. భయపడకు, భయపడకు. నేను తలూపుతూనే ఉన్నాను ఇన్నాళ్ళూ, తలూపడం తప్ప ఏం చేయగలను?

పలక తీసుకుని రాశాను. "నాకు భయంగా ఉంది."

ఆయన అలవాటు కొద్దీ పైకి చదివారు. "నాకు భయంగా ఉంది."

నేను పలక తుడిచేసి పక్కన పెట్టాను. ఆయన మళ్ళీ అదే మాట అన్నారు, పలక వైపు చూడకుండానే.

నీ చెల్లి